లెక్కల సారు, మూడో అంతస్తు

నవలలు పనిలేనోళ్ళ కాలక్షేపమని స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందూ అన్నవాణ్ణి నేను. గంగారంలో లెక్కల మాస్టరును. వరంగల్‌లో ఇంగ్లిష్ ఎం.ఏ. చదివే మా బిడ్డ ‘జేన్ ఐర్’ చేతిలో పెట్టి, “బాపూ, కొంచెం చదివి చూడు, నచ్చకుంటే ఇడిసిపెట్టు” అన్నది. షార్లెట్ బ్రాంటీ 1847లో కరర్ బెల్ అనే మారుపేరుతో అచ్చు వేయించిన పుస్తకమది. బిడ్డ మాట కాదనలేక, గ్రూప్స్ గైడు మధ్యలో దాచుకొని చదవడం మొదలుపెట్టాను. ఎవరన్నా చూస్తే పరువు పోదూ!

అనాథ జేన్‌కు బోర్డింగ్ బడిలో మాడిన జావ పెట్టినచోటే దొరికిపోయాను. హాస్టలు పిల్లల మధ్య బతికేవాడికి ఆ జావ వాసన వేరే చెప్పాలా?

ఆ తర్వాత ఆమె థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద బంగళాలో పంతులమ్మగా చేరుతుంది. మూడో అంతస్తులో ఎవరో వికటంగా నవ్వుతుంటారు. ఒక రాత్రి యజమాని రోచెస్టర్ మంచానికి నిప్పంటుకుంటుంది. నేనది చదివింది ముసురు పట్టిన రాత్రి, కరెంటు లేదు, చేతిలో ఫోను లైటు. పైన చప్పుడైంది. మాది పెంకుటిల్లు, రెండో అంతస్తే లేదు, మూడోది ఎక్కడిది? అయినా మా ఆవిడను లేపాను. ఆమె పైకి చూసి “పిల్లి” అన్నది. పరువు కాపాడుకోవడానికి కథంతా చెప్పాల్సి వచ్చింది.

నవ్వేది గ్రేస్ పూల్ అనే పనిమనిషేనని రోచెస్టర్ చెప్తే జేన్ నమ్మింది, నేనూ నమ్మాను. మా ఆవిడ యద్దనపూడి నవలల మీద పెరిగిన మనిషి. ‘సెక్రటరీ’లో రాజశేఖరాన్ని చూసిన కళ్ళకు ఈ రోచెస్టర్ ఒక లెక్కా? “పైనున్నది ఆయన పెండ్లామే. గిదిగూడ సమజైతలేదా మీకు?” అని అటు తిరిగి పడుకున్నది.

నేను ఒప్పుకోలేదు. చర్చిలో జేన్‌కూ రోచెస్టర్‌కూ పెళ్ళి జరుగుతుండగా లండన్ వకీలు లేచి, ఈయనకు భార్య బతికే ఉందంటే, వెంట బావమరిది సాక్ష్యం పలికితే, నా కోపమంతా ఆ వకీలు మీదికే పోయింది. ఇంకొక్క నిమిషం ఆగితే వాడి సొమ్మేం పోయింది!

అసలు సిగ్గుచేటు వేరే ఉంది. జమైకాలో జరిగిన ఆ మొదటి పెళ్ళికి కట్నం 30,000 పౌండ్లు. జేన్‌కు ఆ బంగళాలో జీతం ఏడాదికి 30 పౌండ్లు. అంటే జేన్ వెయ్యేళ్ళు పాఠాలు చెప్తే వచ్చేంత సొమ్ము పిచ్చిదని పేరుపడ్డ ఆ మొదటి భార్య బెర్తా వెంట వచ్చింది, ఆమెనేమో మేడ మీద గదిలో పెట్టి తాళం వేశారు. మూడో తరగతి పిల్లాడు చేసే భాగహారం. రెండు అంకెలూ పుస్తకంలోనే ఉన్నాయి. నేను మాత్రం రోచెస్టర్ మాటల తియ్యదనంలో పడి చెయ్యలేదు. మా బిడ్డ ఫోనులో అడిగితే అప్పుడు చేశాను.

బెర్తా వైపునుంచి జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాసిందట. బిడ్డ అదీ పంపింది. పెళ్ళి ఆగిపోయే అధ్యాయం మాత్రం మొన్న మళ్ళీ చదివాను. అంతా తెలిసి కూడా ఆ వకీలు మీద మళ్ళీ కోపమే వచ్చింది.