రెండు గంటలకోసారి

నన్ను ఎయిర్ బెడ్ అంటారు. కోఠిలో ఒక సర్జికల్ షాపు నుంచి ఛత్రినాకకు నన్ను తెచ్చింది ఒక అక్క, తమ్ముడి కోసం.

తమ్ముడు ఊళ్లో కల్లు గీసేవాడు. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది, నడుము కింద స్పర్శ పోయింది. ఆపరేషన్ చేసి, రాడ్లు వేసి, ఇంటికి పంపారు. ఊరి నుంచి ఫిజియోథెరపీకి తిరగడం అయ్యే పని కాదు. అందుకే అక్కాబావలు తమ రెండు గదుల్లో ముందుగది ఖాళీచేసి మంచం వేశారు. తల్లీ భార్యా కూడా వచ్చేశారు.

నా ఒళ్లంతా గాలి గదులే. మంచం కాళ్లవైపు వేలాడే చిన్న మోటారు కొన్నింట్లో గాలి నింపుతుంది, పక్కవాటిలోంచి తీస్తుంది, కాసేపటికి తారుమారు చేస్తుంది. మనిషి బరువు ఒకేచోట ఆనకుండా చూడటమే నా ఉద్యోగం. ఒంట్లో బాగున్నవాళ్లు నిద్రలో తమకు తెలియకుండానే ఒత్తిగిలుతుంటారు. వెన్నుపాము దెబ్బతిన్నవాడికి ఒత్తుకుంటున్నట్టే తెలియదు. ఎముకకూ పరుపుకూ నడుమ నలిగిన చర్మానికి రక్తం అందదు. గంటల్లో ఎర్రబడుతుంది. పట్టించుకోకపోతే పుండై ఎముక దాకా పోతుంది.

ఇంటికి పంపేటప్పుడు ఈ సంగతి ఇంటివాళ్లను కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. ఆపరేషన్ మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఈ నేర్పడం మీద పెడితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో! పరుపు కొన్నాం కదా, ఇంక భయం లేదనుకున్నారు వీళ్లు. మొదటిసారి వచ్చిన ఫిజియోథెరపీ అబ్బాయి మడమ మీద ఎర్రమచ్చను వేలితో నొక్కి చూపించాడు. "నొక్కితే తెల్లబడాలె అక్కా. తెల్లబడుతలేదు చూడు. పరుపు ఉన్నా సరే, రెండు గంటలకోసారి మీరు తిప్పాల్సిందే."

ఆ అబ్బాయి పనిచేస్తూ కబుర్లు చెప్పేవాడు. ఒకప్పుడు వెన్ను విరిగినవాళ్లు ఈ పుండ్లతోనో, మూత్రంలో చీముపట్టో పోయేవాళ్లట. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని తిప్పాలని పట్టుబట్టాడు. అక్కడే 1948లో చక్రాల కుర్చీల్లోని సైనికులకు ఆటలపోటీలు పెట్టాడు. నేటి పారాలింపిక్స్‌కు మూలం ఆ పోటీలే. మన రాయవేలూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది ఆమె చొరవతోనే. ఈ మాట విన్న రోజు నా మీద పడుకున్నవాడు చాలాసేపు కళ్లు మూయలేదు.

ఇక రాత్రుళ్లు. ముందు జాము తల్లిది, నడిరాత్రి భార్యది. తెల్లవారుజామున ఆటో తీయబోయే ముందు బావది. ఫోనులో అలారం మోగడం ఆలస్యం, ఎవరో ఒకరు లేచేవారు. "ఇటు తిప్పుతున్న బిడ్డా, జర ఓర్చుకో" అనేది తల్లి. ఈడిస్తే చర్మం చీరుకుపోతుంది కాబట్టి కింద పరిచిన దుప్పటిని రెండు పక్కలా పట్టి ఎత్తేవారు. మోకాళ్ల మధ్య దిండు, మడమల కింద ఖాళీ. కరెంటు పోతే నేను చాపతో సమానం. ఆ రాత్రులు అక్క మంచం పక్కనే కూర్చుని ఇంకా తరచుగా తిప్పేది.

మూత్రానికి పైపు వేయడం భార్య నేర్చుకుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, నాలుగైదు గంటలకోసారి. మొదట్లో తల్లి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయేది. కోడలికి జ్వరం వచ్చిన రోజు తనే వేసింది.

లాల్‌దర్వాజ బోనాలకు ఇల్లు చుట్టాలతో నిండింది. వీధిలో డప్పులు, పోతరాజుల చిందులు. లోపలికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "ఎప్పుడు నడుస్తడు?" ఆ మాట పడ్డప్పుడల్లా అతని భుజాలు బిగుసుకోవడం నాకు తెలిసేది. ప్రేమతోనే అడుగుతారు, కానీ ఆ ప్రశ్న అతను సాధించినదంతా తుడిచేస్తుంది. అంతమందిలోనూ టైము చూసుకుంటున్న అక్క దుప్పటి అంచు అందుకుంటూ అంది: "నడుసుడు సంగతి తర్వాత అత్తా. కూసుంటున్నడు, అది అడుగు."

కూర్చోవడం చిన్నపని కాదు. నెలల తరబడి పడుకున్నవాణ్ని లేపితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. తలవైపు కొద్దికొద్దిగా ఎత్తుతూ పోవాలి. తర్వాత మంచం అంచున, పక్కన మనిషి ఆసరాతో. బావ ఊరికి పోయి పాత మోకు తెచ్చి మంచానికి కట్టాడు. దాన్ని చూసి తల్లి ఏడ్చింది. అతను మాత్రం పట్టుకుని లాగాడు. తాళ్లెక్కిన చేతులు కదా, లేచాడు. ఆ మోకుతోనే సొంతంగా ఒత్తిగిలడం నేర్చాడు. చెక్కపలక మీద జరిగి చక్రాల కుర్చీలోకి మారడం కూడా. కుర్చీ గడప దాటకపోతే అక్క మేస్త్రీని పిలిపించింది. "పసుపు రాసిన గడప తీస్తవా?" అన్నారెవరో. "నా తమ్ముడు దాటని గడప నాకెందుకు" అంది.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే కిట్లు కాటమయ్య రక్షణ కవచం పేరిట ఇవ్వడం మొదలుపెట్టింది. ఇతను పడింది అంతకుముందు. టీవీలో ఆ వార్త వస్తే సౌండు పెంచమన్నాడు. ఊళ్లోని కుర్రాళ్లకు ఫోన్‌చేసి తీసుకోండని పోరుపెట్టాడు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చింది, నెలకు 4,016 రూపాయల పింఛనుకు కాగితాలు పెట్టారు.

మొన్న పక్కవీధి పిల్ల వచ్చింది. వాళ్ల నాన్న బిల్డింగు మీంచి పడ్డాడట, ఎయిర్ బెడ్ ఏ కంపెనీది మంచిదని అడిగింది. అక్క ఆ పిల్లను నా అంచున కూర్చోబెట్టి దుప్పటి చేతికిచ్చింది. "కంపెనీ సంగతి తర్వాత చెప్త. ముందు ఈ కొన పట్టు. నేను ఒకటి, రెండు అంట, మూడు అనంగనే ఎత్తాలె. ఈడ్వద్దు."