వారంటీ కార్డు: సటీకాతాత్పర్యం

మూలం: కొనుగోలు తేదీ నుండి ఒక సంవత్సరము వరకు, సాధారణ వినియోగమందు, తయారీ లోపము వలన టీవీ చెడినచో కంపెనీ ఉచితముగా బాగుచేయును.

టీక: కొనుగోలు తేదీ నుండి = బిల్లు మీది తేదీ మొదలుకొని (గోడకు బిగించిన రోజు లెక్కలోకి రాదు); ఒక సంవత్సరము వరకు = ఈఎంఐలు ఇంకా మిగిలి ఉండగానే తీరిపోవు గడువులో; సాధారణ వినియోగమందు = పిడుగు, బల్లి, చీమ, ఓల్టేజీ హెచ్చుతగ్గులు లేని లోకమందు; తయారీ లోపము వలన = తయారుచేసినవారే తమదని ఒప్పుకొన్న లోపము వలన; బాగుచేయును = క్రియ భవిష్యత్కాలము, ఏనాటికో తెలియదు.

తాత్పర్యం: బరువంతా టీకలోని నాలుగో పదం, ‘తయారీ లోపము’ మీదే ఉంది. మెదక్ సీమవాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకొన్నాడు. కావ్యం ఒకరిది, వ్యాఖ్య మరొకరిది కాబట్టి ఆ నియమానికి విలువ వచ్చింది. ఇక్కడ మూలం కంపెనీదే, వ్యాఖ్యాతగా వచ్చే టెక్నీషియనూ కంపెనీ మనిషే. తెర మీద పైనుంచి కిందికి నిలువు గీత పడిందనుకోండి. ప్యానెల్ అంచున గాజుకు అతికించిన సన్నని ఫిల్ముల ద్వారా సిగ్నల్ అందుతుంది. వేడికి ఆ అతుకు వదిలితే గాజు చెక్కుచెదరకపోయినా గీత వస్తుంది. దెబ్బ తగిలితే ఒక బిందువు నుంచి సాలెగూడులా పగుళ్లు పాకుతాయి. రెండూ కంటికే వేరుగా కనిపిస్తాయి. అయినా టెక్నీషియన్ రాసే జాబ్‌షీటు మీద రెంటికీ ‘ఫిజికల్ డ్యామేజ్’ అనే ఒకే వ్యాఖ్య పడవచ్చు. వారంటీ ఎన్నేళ్లన్నది కాదు, దానికి అర్థం చెప్పేదెవరన్నదే అసలు ప్రశ్న.

పూర్వపక్షం: పిల్లాడు బంతి విసిరి పగలగొట్టిన తెరకూ కంపెనీయే డబ్బు కట్టాలా? అక్కర్లేదు. మినహాయింపులు న్యాయమే, వాటిని ఎవరు నిర్ధారించాలన్నదే తగవు. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇందుకు బయటి వ్యాఖ్యాతను ఇచ్చింది. పరీక్షిస్తేగాని లోపం తేలదనుకుంటే జిల్లా కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపగలదు. టీవీ కోసం కోర్టుకెక్కేదెవరని మరో ఆక్షేపణ. ఓపిక ఖర్చవుతుంది, నిజమే. కానీ 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. తగవు మొదలైన నాటి నుంచి 2 ఏళ్ల గడువుంది. కేసు వేయకముందే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. వీటన్నిటికీ ఆధారం రుజువులే కనుక, గాజుకు దగ్గరగా ఫోటో తీసుకోండి. కారణం రాసిన జాబ్‌షీటు చేతికి రాకుండా టెక్నీషియన్‌ను గడప దాటనివ్వకండి.