రెండు తేదీలు కలిపేశాను

మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను. నలుగురిలో తేదీలు గడగడా చెప్పి మెప్పు పొందడమంటే నాకు చెప్పలేనంత పిచ్చి. పొద్దున్నే కాఫీ కూడా ముట్టకుండా ఫోన్ తీసి, చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందో బంధువుల గ్రూపులో పెట్టందే నాకు తెల్లారేది కాదు. ఎవరింట్లోనైనా పుట్టినరోజంటే, ఆ తేదీన ఏ రాజు గద్దెనెక్కాడో, ఏ యుద్ధం మొదలైందో చెప్పేదాకా కేకు కోయనిచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ చాలు చాలని కళ్లతోనే సైగ చేసేది. కనపడేది. అయినా ఆగేవాణ్ణి కాదు. చిన్నప్పుడు క్విజ్ పోటీలో ఒక్క బహుమతి తెచ్చుకున్నవాళ్లెవరికీ ఈ జబ్బు జన్మలో వదలదు. మీలోనూ కొందరికి ఉండే ఉంటుంది.

అలాంటివాణ్ణి పట్టుకుని నవంబరు ఒకటిన రాష్ట్ర అవతరణ దినోత్సవానికి మాట్లాడమన్నారు మా కాలనీవాళ్లు. పుస్తకం తెరవాలని కూడా అనిపించలేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో, మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారింట్లో పొట్టి శ్రీరాములు గారు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఇవన్నీ నాకు నోటికొచ్చు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదీ నోటికొచ్చు. ఈ రెంటికీ మధ్య నాలుగేళ్లలో ఏం జరిగిందన్న ప్రశ్న మాత్రం నా బుర్రకు తట్టలేదు.

మైకు అందుకున్నాను. మొదట్లో బాగానే నడిచింది, చప్పట్లు పడ్డాయి. చప్పట్లు వినపడితే నేను నేల మీద ఉండను. దీక్ష గురించి చెబుతూ గొంతు పెంచాను, ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది, అది చూసి ఇంకా రెచ్చిపోయాను, ఆ త్యాగానికి ఢిల్లీ దిగొచ్చి హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఇచ్చిందన్నాను, అక్కడ ఆగినా బతికిపోయేవాణ్ణి, ఆగలేదు, ఆ నవంబరు ఒకటిన వేడుక చూస్తూ శ్రీరాములు గారు ఆనందబాష్పాలు రాల్చారని కూడా అనేశాను!

ఆయన పోయిన తేదీ అంతకు ముందే నా నోటితో నేనే చెప్పాను. అంత గొప్ప మనిషి చావును కూడా చప్పట్ల కోసం మరిచిపోయానంటే, ఇప్పటికీ తలుచుకుంటే ముఖం వేడెక్కుతుంది.

వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. కర్నూలాయన, కొడుకు దగ్గర ఉండటానికి వచ్చారు. "నాయనా, మరి మా కర్నూలు రాజధాని కాలేదా ఏమి? బడికి పోతా ఆ డేరాలు చూసినోణ్ణి నేను" అన్నారు. "అది వేరండీ" అన్నాను. ఏది వేరో నాకే తెలియదు. సభంతా నావైపే చూస్తోంది. నీళ్లు తాగి దిగిపోయాను.

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని విన్నాను, తర్వాత పుస్తకాలు తిరగేశాను. శ్రీరాములు గారు పోయిన నాలుగో రోజు, డిసెంబరు 19న, నెహ్రూ ప్రకటించినది ఆంధ్ర రాష్ట్రం. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో అది 1953 అక్టోబరు 1న ఏర్పడింది. శ్రీరాములు గారు కోరిన మద్రాసు నగరం దక్కలేదు. రాయలసీమకు 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో ఇచ్చిన మాట ప్రకారం రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. కర్నూలులో కట్టడాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఎనభై దాటిన టంగుటూరి ప్రకాశం గారు మొదటి ముఖ్యమంత్రి. ఏడాది దాటగానే మద్యనిషేధం గొడవలో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఇంత కథను నేను ఒక్క వాక్యంతో దాటేశాను.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ దీక్షే హైదరాబాదును తెచ్చిందని చెబితే, తెలంగాణ నోరు కూడా నొక్కినట్టే. శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్ననాడు తెలంగాణ హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. అది కొంతకాలం విడిగానే ఉండటం మంచిదని రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. తెలంగాణను ఆంధ్రతో కలిపేముందు 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అందులోని మాటలు నిలబడలేదన్న కోపమే 1969లో ఉద్యమమైంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 వెనక ఆ కోపం కూడా ఉంది. నేను కలిపేసిన రెండు తేదీల మధ్య ఒక రాజధాని, ఒక ఒప్పందం, లక్షల మంది ఆశలు నలిగిపోయాయి.

ఇప్పుడు కూడా గ్రూపులో తేదీలు పెడుతూనే ఉన్నాను, ఆ పిచ్చి పోయేది కాదు. కాకపోతే ఒక తేదీ పెట్టాలంటే దాని ముందేం జరిగింది, వెనకేం జరిగింది చదువుకుని పెడుతున్నాను. మీ ఇంట్లో కర్నూలు డేరాలు చూసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే, ఈ అక్టోబరు ఒకటిన వాళ్ల పక్కన కూర్చుని చెప్పించుకోండి, రాసి పెట్టుకోండి. ఆనాడు పలక పట్టుకుని ఆ డేరాల పక్కనుంచి బడికి వెళ్లిన పిల్లలకు ఇప్పుడు ఎనభై ఏళ్లకు అటూ ఇటూ.