కుట్రల కథ నడపండి, కష్టపడకండి: గేమ్ మాస్టర్లకు ఎనిమిది చిట్కాలు

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర పట్టుకుని, డైస్ వేస్తూ ఆడే ఆటలో కథ నడిపేది గేమ్ మాస్టర్. రాక్షసుల గుహ పెట్టుకుంటే మ్యాప్ గీయాలి, లెక్కలు వేయాలి. రాజకీయ కుట్ర పెట్టుకుంటే ఆ తిప్పలు లేవు. కథంతా రహస్యం గనక, మీరేమీ రాయలేదన్న సంగతి కూడా రహస్యంగానే ఉంటుంది. ఆటగాళ్లకు ఏదీ అంతుపట్టకూడదు, మీకు ఏ పనీ పడకూడదు. ఈ రెండూ కుదిరితే మీకు తిరుగులేదు.

1. తయారుగా ఉన్న కథ తెచ్చుకోండి. గోల్కొండను మించింది దొరకదు. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాడు. ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు సయ్యద్ ముజఫర్. ఆ ముజఫర్ దగ్గర పనిచేసిన మాదన్నే తర్వాత ఆయన్ను పక్కకు నెట్టి మీర్ జుమ్లా అనే మంత్రి పదవి ఎక్కాడు. 1677లో శివాజీతో పొత్తు, 1686లో మాదన్న, ఆయన సోదరుడు అక్కన్నల హత్య, 1687లో ఔరంగజేబు ముట్టడి. మీరు ఒక్క ముక్క కూడా కల్పించనక్కర్లేదు. కోట పడిపోతుందని అందరికీ ముందే తెలుసు. ఆటగాళ్లు ఏం చేసినా ముగింపు మారదు కాబట్టి వాళ్లు చేసేది మీరు వినాల్సిన పని కూడా లేదు.

2. పేర్లు గుప్పించండి, కోరికలు రాయకండి. మొదటి సెషన్‌లోనే ముప్పై మంది అమీర్లను వరసపెట్టి పరిచయం చేయండి. ఎవరికి ఏం కావాలి, ఎవరికి ఎవరంటే భయం, ఎవరి గుట్టు ఎవరి చేతిలో ఉంది అని పట్టిక వేసుకునే గేమ్ మాస్టర్లు ఉన్నారు. వాళ్లకు ఆదివారాలు మిగలవు. "మాదన్నకు శివాజీతో పొత్తు ఎందుకు?" అని ఎవరైనా అడిగితే గంభీరంగా నవ్వి, "ముందుముందు తెలుస్తుంది" అనండి. ఆ ముందుముందు రాకుండా చూసుకోండి.

3. ఆధారం ఒక్కటే పెట్టండి. ఆటగాళ్లు తేల్చుకోవాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు ఆధారాలు ఉండాలని జస్టిన్ అలెగ్జాండర్ అనే గేమ్ డిజైనర్ చెప్పాడు. అంటే మూడు రెట్ల చాకిరీ. మీరు ఒకే ఉత్తరం రాసి, దాన్ని దొరకబుచ్చుకోవడానికి 25 రావాలని పెట్టండి. ఇరవై ముఖాల డైస్‌కు మూడు కలుపుకునే ఆటగాడికి ఎంత అదృష్టం కలిసొచ్చినా 23 దాటదు. ఉత్తరం దొరకదు గనక అందులో ఏముందో మీరు రాయనక్కర్లేదు.

4. మాటకారిని డైస్‌తో, డైస్‌ను మాటతో కొట్టండి. ఆటగాడు తానీషా ముందు అద్భుతంగా వాదిస్తే, "బాగుంది, డైస్ వెయ్" అనండి. డైస్ మీద 20 పడితే, "సరే, ఏమన్నావో అన్నది అన్నట్టు చెప్పు" అనండి. చెప్పాక, "సుల్తాను ఆలోచిస్తానన్నాడు" అనండి. ఈ ఒక్క వాక్యంతో సెషన్లకు సెషన్లు గడిచిపోతాయి.

5. ఒక్కరితోనే గుసగుసలాడండి. కుట్ర అన్నాక గుట్టు ఉండాలి. ఒక ఆటగాణ్ని బాల్కనీలోకి తీసుకెళ్లి గంటసేపు మాట్లాడండి. లోపల మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు, మిర్చిబజ్జీలు తింటారు. వాళ్లు ఏమీ అడగరు, మీరు ఏమీ చెప్పనక్కర్లేదు.

6. కాపలా లేని చోటే దెబ్బ కొట్టండి. ఆటగాళ్లు మాదన్న ఇంటి చుట్టూ కాపలా కాస్తే ఆయన్ను దారిలో చంపించండి. దారిలో కాస్తే ఇంట్లో చంపించండి. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి కోట తలుపు తీయించాడు. ఆటగాళ్లు ఆ తలుపు దగ్గరే పడుకుంటామంటే, "మీకు గాఢంగా నిద్ర పట్టింది" అనండి. ఒంటినిండా గాయాలతో పడిపోయేదాకా మొగలులతో తలపడిన గోల్కొండ సేనాని అబ్దుర్ రజాక్ లారీ పాత్ర మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అది మీకే పెట్టుకుని, ఆఖరి పోరాటమంతా మీరే చెప్పుకుపోండి. వింటున్నవాళ్లకు డైస్ వేసే శ్రమ కూడా తప్పుతుంది.

7. సాకులు కంఠస్థం చేయండి. నోట్సు రాసుకోవడం కన్నా ఇది తేలిక. పోయినవారం ఏం జరిగిందో మరిచిపోతే, "అది పుకారు మాత్రమే" అనండి. ఆటగాడు తెలివైన ఎత్తు వేస్తే, "మీ పాత్రకు ఆ సంగతి తెలియదు" అనండి. ఎవరికైనా లంచమిచ్చి ఫలితమేదని అడిగితే, "లోలోపల పనిచేస్తోంది" అనండి. ఏ సాకూ చెల్లనప్పుడు, "చరిత్రలో అలాగే జరిగింది" అనండి. ఆ మాటకు ఎదురు చెప్పాలంటే వాళ్లు పుస్తకాలు తిరగేసి రావాలి. ఎవరూ తిరగేయరు.

8. బల్ల ఖాళీ అయ్యేదాకా పట్టు వదలకండి. మొదట ఒకరికి ఆఫీసు పని అడ్డొస్తుంది, ఆ తర్వాత ఇంకొకరికి ఊళ్లో పెళ్లి. చివరికి గ్రూపులో మెసేజ్ పెట్టినా ఎవరూ పలకరు. కుట్రల లోతు వాళ్లకు అందలేదని తీర్మానించండి. శనివారం సాయంత్రాలు పూర్తిగా మీ సొంతమవుతాయి. కాగితాలు మాత్రం పారేయకండి. కొత్త జట్టు దొరకగానే గోల్కొండ అన్న చోటల్లా బీజాపూర్ అని దిద్ది, మళ్లీ మొదటి నుంచి నడపండి. అది కూడా 1686లో ఔరంగజేబు వశమైంది కాబట్టి ముగింపు మార్చే పని లేదు.