అగ్గిపుల్ల ఉండగా చెత్తబండి ఎందుకు?

శిశిరం వచ్చింది. హన్మకొండ వేపచెట్లు ఆకులు రాలుస్తున్నాయి. పొద్దున్నే చీపురు లేచింది, దాని వెనకే అగ్గిపెట్టె.

మన ఆకు గోడ అవతలికి. అవతలివాళ్ల పొగ మన ఇంట్లోకి. ఇరుగుపొరుగంటే ఇచ్చిపుచ్చుకోవడమే కదా!

2012లో తడి, పొడి చెత్త వేరుచేసి దేశానికి దారి చూపిన ఊరు మనది. ఆ అలవాటు పోలేదు. ఇప్పుడూ వేరు చేస్తున్నాం: పొద్దున కాల్చేది, మాపటికి కాల్చేది.

తోట చెత్తను విడిగా ఉంచండి, కాల్చకండి అన్నాయి 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు. అదే ఏడు డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ రేటు కూడా కట్టింది: బహిరంగంగా కాలిస్తే 5,000 రూపాయలు, భారీగా కాలిస్తే 25,000. మా వీధిలో పుల్ల రేటు ఒక్కటే గుర్తుంది.

మొన్న ఒక పెద్దమనిషి ముక్కుకు తువ్వాలు కట్టుకుని మరీ కుప్పను కట్టెతో ఎగదోస్తున్నాడు. నుసి ఎగిరి పక్కింటి వడియాల మీద వాలింది. పని ముగించి, చేతులు కడుక్కుని, బండి తీసి నర్సరీకి పోయాడు. గులాబీ కుండీకి ఎరువు సంచి కొనడానికి!

ఆ ఎరువులోనూ ఉన్నది మగ్గిన ఆకే. పెరట్లో గుంత తీసి, ఆకు మీద ఇంత మట్టి, ఇంత పేడ వేసి తడుపుతుంటే కొన్ని నెలల్లో అదే తయారవుతుంది.

గడ్డపార లేదా? పక్కింట్లో అడగండి. దగ్గుతూ మేలుకునే ఉన్నారు.