అభివృద్ధి రుసుం ముందుగా చెల్లించవలెను

లేని పార్కు ఖరీదెంతో తెలుసా? మీ స్థలం విలువలో 14 శాతం. ఉన్న పార్కు ఇంతకంటే చవక. లేఅవుట్ వేసేవాడు పద్ధతి ప్రకారం అనుమతి తీసుకుంటే మొత్తం భూమిలో పదో వంతు ఖాళీగా వదలాలి. పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు బెంచీల మీద కూర్చుని ఆ పిల్లల్ని తిట్టడానికి. మన రియల్టరుకి అంత ఓపిక ఉండదు. గట్టు నుంచి గట్టు దాకా గజాల లెక్కన అమ్మేసి, రంగు రాళ్ళు పాతి, కరపత్రం మీద మాత్రం నాలుగు కొబ్బరిచెట్ల బొమ్మ వేయించి, ఇంకో ఊరి పొలాల మీద పడతాడు. పదేళ్ళకి ఆ ప్లాటు కొన్న రైతో, రిటైరైన పంతులో ఇంటి ప్లాను చంకలో పెట్టుకుని వెళ్తే, అప్పుడు గుర్తొస్తుంది సర్కారుకి పార్కు సంగతి. "మీ లేఅవుట్లో ఖాళీ జాగా వదల్లేదండీ, 14 శాతం కట్టండి" అంటుంది. వదలాల్సింది పది, వదలనందుకు పద్నాలుగు. ఎగ్గొట్టినవాడు ఒకడు, కట్టేవాడు వేరొకడు. కట్టాక పార్కు వస్తుందా అని మాత్రం అడక్కండి. రశీదు వస్తుంది.

రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో మా బాబాయి ఈమధ్య ఈ విద్యలన్నీ నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాడు కనక కొత్త లెక్క కనిపిస్తే వదలడు. స్థలం ఐదు సెంట్లు. ఊళ్ళో దాన్ని ఐదు సెంట్లంటారు, రిజిస్ట్రారు 242 గజాలంటాడు, ప్లాను దరఖాస్తు 202 చదరపు మీటర్లంటుంది. మూడు చోట్లా అదే మట్టి. ఇంజనీరు కుర్రాడు, అంటే లైసెన్సు ఉన్న ఎల్టీపీ, తెనాలిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వరస చదివాడట. బెటర్‌మెంట్ చార్జీ, డెవలప్‌మెంట్ చార్జీ, ఇంపాక్ట్ ఫీజు, స్క్రూటినీ ఫీజు, ఖాళీ స్థలం పన్ను, లేబర్ సెస్... సత్యనారాయణ వ్రతం సామాను చీటీలా సాగిపోతోందట.

"బాబూ, బెటర్‌మెంటుకీ డెవలప్‌మెంటుకీ తేడా ఏంటి?" అన్నాడు బాబాయి.

"హెడ్డు వేరండి మాస్టారూ."

"ఏ హెడ్డు?"

"డబ్బు పడే హెడ్డండి."

ఇంత స్పష్టమైన నిర్వచనం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదని బాబాయి ఒప్పుకున్నాడు.

బెటర్‌మెంట్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. మీ వీధికి రోడ్డో కాలువో వేయడం వల్ల మీ స్థలం విలువ పెరిగింది కాబట్టి ఆ పెరుగుదలలో కొంత మాకివ్వండి అనడమే దాని సారాంశం. న్యాయమే. అయితే మా డెల్టాలో మెరుగుదల నిలువుగా జరుగుతుంది. ఉన్న సిమెంటు రోడ్డు మీదే ఇంకో సిమెంటు రోడ్డు పోస్తారు. పాతది తవ్వరు. తవ్వితే కంట్రాక్టరుకి ఖర్చు. పోసిన ప్రతిసారీ రోడ్డు జానెడు లేస్తుంది, ఇళ్ళు జానెడు దిగుతాయి. బాబాయి వాళ్ళ పాత పెంకుటింటికి ఒకప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి అరుగు మీదికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తాం. వాన పడితే వీధిలో నీళ్ళకి పల్లం ఎక్కడో వెతుక్కునే పని లేదు, నేరుగా నట్టింట్లోకే వస్తాయి. ఈసారి ఆ తిప్పలు లేకుండా బాబాయి చుట్టుపక్కల చెరువుల మట్టి ట్రాక్టర్లతో తోలించి మెరక చేయించాలని, ఆ పైన నాలుగడుగుల పునాది లేపాలని నిశ్చయించాడు. రోడ్డుతో పోటీకి ఇంకో ఇరవై ఏళ్ళు సరిపోతుందని లెక్క కట్టాడు. ఆ మెరక ఖర్చు ఆయనది. రోడ్డు మెరుగైనందుకు చార్జీ కూడా ఆయనదే.

ఇక ఇంకుడు గుంత. నియమాల పుస్తకంలో ఉంది కనక ప్లానులో గీయాలి. అనంతపురంలో అది ప్రాణాధారం, నేను కాదనను. సముద్రానికి కూతవేటు దూరంలో, కాలవ వదిలారంటే పెరట్లో గునపం దింపితే చెమ్మ తగిలే చోట నీరు ఎక్కడికి ఇంకాలి? బాబాయి నియమం తప్పని మనిషి, తవ్వించాడు. ఇంకడం దేవుడెరుగు, తెల్లారేసరికి కింది నించే గుంత నిండింది. కప్పలు గృహప్రవేశం చేశాయి.

రుసుం వసూలు చేయడమే పాపమని నేననను. ఇల్లొకటి లేస్తే మురుగు పెరుగుతుంది, చెత్త పెరుగుతుంది, ఇంకో వీధి దీపం కావాలి. పంచాయతీకి డబ్బులు చెట్లకి కాయవు. నాకున్న పేచీ ఒక్కటే. తీసుకునేటప్పుడు ఫలానా సర్వే నంబరు, ఇన్ని మీటర్లు, ఇన్ని రూపాయలు అని దశాంశ స్థానాల దాకా లెక్క చెప్పే యంత్రం, ఆ డబ్బుతో ఫలానా వీధికి ఫలానా కాలువ అని చెప్పాల్సొచ్చేసరికి మూగది అవుతుంది.

ఈ పేచీ నేను కనిపెట్టింది కాదు. పన్ను వేరు, ఫీజు వేరు, ఫీజు అంటే బదులుగా ఏదో సేవ ఉండాలని 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుచ్చుకున్న చేత్తో కొంచెం ఇవ్వాలన్నమాట. తర్వాత కోర్టులే ఆ ముడి వదులు చేశాయి. అందులో ఒక ముడి విప్పింది మన రాష్ట్రం కేసే. మార్కెట్ ఫీజుల మీద శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ వారు పోట్లాడితే, 1983లో సుప్రీంకోర్టు, ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ పైసా పైసా సరిపోనక్కర్లేదు, స్థూలంగా సంబంధం కనిపిస్తే చాలు అంది. స్థూలంగా అన్న మాట మన ఆఫీసులకి ఎంత నచ్చిందంటే, ఇప్పుడు స్థూలమే మిగిలింది, సంబంధం సన్నగిల్లింది.

అమెరికాలో మాత్రం ఒక పెద్దాయన పంతం పట్టాడు. కాలిఫోర్నియాలో ఎల్ డొరాడో కౌంటీలో జార్జ్ షీట్జ్ అనే ఆయన తన స్థలంలో చిన్న రెడీమేడ్ ఇల్లు పెట్టుకుంటానంటే, నీవల్ల రోడ్ల మీద రద్దీ పెరుగుతుంది, 23,420 డాలర్లు కట్టు అన్నారు. కట్టాడు, కట్టి కోర్టుకెక్కాడు. నా ఒక్క ఇంటి వల్ల అంత రద్దీ ఎలా వస్తుందో చూపించమన్నాడు. 2024 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాట మీద, ఇలాంటి షరతు చట్టసభ పెట్టినా సరే పరీక్షకి నిలబడాల్సిందే అని కేసుని కింది కోర్టుకి తిప్పి పంపారు. ఈ కథ చెబితే బాబాయి చాలాసేపు ఆలోచించి, "మన వీధిలో రద్దీ అంటే గేదెలేరా. వాటికి ఇంపాక్ట్ ఫీజు ఎవరు కడుతున్నారు?" అన్నాడు.

మన దగ్గర సంస్కరణలు లేవని ఎవరూ అనలేరు. 2006 నాటి నాలా చట్టం ఉండేది. పొలాన్ని ఇంటి స్థలంగా మార్చుకోవాలంటే దాని కింద ఫీజు కట్టి రెవెన్యూ ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేయాలి. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. జనం హమ్మయ్య అనుకునేలోపు దాని స్థానంలో ఎక్స్‌టర్నల్ డెవలప్‌మెంట్ చార్జీ అని భూమి విలువ మీద 4 శాతం పెట్టింది. తహశీల్దారు ఆఫీసుకి తిరగడం తప్పిందన్నది నిజం, ఆ మేరకు మంచిపనే. అయినా పెద్దకర్మ నాడే బారసాల చేసిన ఇల్లు నేనిదే చూడటం. ఇసుకా అంతే. 2024 జులై 8 నుంచి ఉచితం. రేవులో ఉచితం. లోడింగుకి, లారీకి, డీజిలుకి డబ్బు. ఇసుక రేవులోనే ఇల్లు కట్టుకునేవాడికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఇంతకీ ఏ ఆఫీసుకి కట్టాలి? తెనాలివాళ్ళని అడగండి, వాళ్ళు ఈ విషయంలో డాక్టరేట్లు. 1978 నుంచి వీజీటీఎం ఉడా అనే పట్టణాభివృద్ధి సంస్థ. 2014 ఆఖర్లో అది పోయి సీఆర్డీఏ. 2020లో సీఆర్డీఏ పోయి ఏఎమ్మార్డీఏ. మరుసటేడు మళ్ళీ సీఆర్డీఏ. ఇటువైపు బాపట్ల యూడీఏ అని పెట్టి కొన్ని మండలాలు అందులో కలిపారు, 2024 నవంబరులో వాటిలో కొన్నింటిని తిరిగి సీఆర్డీఏకి తెచ్చారు. మనం ఉన్నచోటే ఉంటాం, సంస్థలే మన మీదుగా ప్రయాణం చేస్తుంటాయి. మా వైపు దీర్ఘకాలం వ్యాపారం చేయాలనుకునేవాడికి నా సలహా, బోర్డులు రాసే పెయింటరు షాపు పెట్టుకో.

ఆ మాటకొస్తే ఈ ప్రాంతంలో కట్టడాలకీ ప్రజాపనులకీ లెక్క మొదట్నించీ తేడాగానే ఉంది. పక్కనే భట్టిప్రోలులో రెండువేల ఏళ్ళు దాటిన బౌద్ధ స్తూపం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరల పబ్లిక్ వర్క్స్ వాళ్ళు దాని పాలరాళ్ళు ఊడబెరుక్కుపోయి వెల్లటూరు దగ్గర కాలవ పనికి వాడేసుకున్నారు. డెవలప్‌మెంట్ చార్జీని వస్తురూపంలో ముందస్తుగా చెల్లించిన తొలి కట్టడం అదే అయ్యుండాలి. అలెగ్జాండర్ రీ దొర 1892లో తవ్వి ధాతువుల కరండాలు తీసేదాకా మిగిలిన దిబ్బకి విలువే లేదు.

సరే, బాబాయి దరఖాస్తు పెట్టాడు. ఆన్‌లైన్లో షార్ట్‌ఫాల్ పడింది. షార్ట్‌ఫాల్ అంటే కాయితం ఏదో తగ్గిందని. లింకు డాక్యుమెంటు ఎక్కించారు. మళ్ళీ పడింది. ఈసారి స్థలం ఫొటోలో ముందు రోడ్డు కనిపించడం లేదట. కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చి ఫొటో తీశాడు. ఫొటోలో రోడ్డు బ్రహ్మాండంగా పడింది, ఎందుకంటే చెప్పాను కదా, స్థలం కంటే అదే ఎత్తు. రోడ్డు వెడల్పు దస్తావేజులో ఇరవై అడుగులు, టేపు పెడితే పదిహేను. మిగతా ఐదడుగుల్లో ఎదుటింటాయన మెట్లు, తులసి కోట, రేకుల పంచ ఉన్నాయి. అందుకని బాబాయి తన స్థలంలోంచి రోడ్డు విస్తరణకి జాగా వదలాలట.

ఆ ఎదుటింటాయనది రెండంతస్తుల ఇల్లు, ప్లాను లేదు. సెట్‌బ్యాక్ అనే మాట ఆయన జ్వరానికి వాడతాడు. అయినా మాంఛి చదువుకున్నవాడు, తేదీలన్నీ నోటికొచ్చు. 1985 జనవరి ఒకటి తర్వాత అడ్డగోలుగా కట్టినవాటిని క్రమబద్ధం చేస్తామని పట్టణాల్లో మొదటి స్కీము 2007లో, గడువు ఆ ఏడాది డిసెంబరు 15 దాకా కట్టినవాటికి. తర్వాత 2015లో ఒకటి, అప్పటికి 2014 ఆఖరు దాకా. 2019లో ఇంకోటి, 2018 ఆగస్టు దాకా. 2025లో మరోటి, ఆ ఏడాది ఆగస్టు 31 దాకా. ప్రతిసారీ ఇదే ఆఖరి అవకాశం అన్నారు. పల్లెలోనూ అదృష్టం పండకపోదని ఆయన ఆశ. అపరాధ రుసుం కట్టాలి, ఊరికే కాదు. కాకపోతే ఇల్లు కట్టి, అద్దెకిచ్చి, ఆ అద్దె డబ్బుతో తీరిగ్గా కట్టొచ్చు. బాబాయి లాంటివాడు పునాది తీయకముందే అప్పు చేసి కట్టాలి.

"మాస్టారూ, మీరు తొందరపడ్డారు. ఈ లెక్కన ఇంకో నాలుగైదేళ్ళకి మళ్ళీ వస్తుంది" అని అరుగు మీంచి ఓదార్చాడాయన.

బాబాయి ఆ రాత్రి కాయితం మీద కూడికలు తీసివేతలు చేశాడు. పొద్దున్నే ఎల్టీపీ కుర్రాడికి ఫోను కొట్టాడు.

"అబ్బాయ్, నేను కట్టిన చలానాలన్నీ వెనక్కి ఇప్పించు. దరఖాస్తు రద్దు చేసుకుని, ఎదుటింటాయన లాగే కట్టుకుంటాను. కుదురుతుందా?"

"ఎందుకు కుదరదు మాస్టారూ, ఆన్‌లైన్లో ఆప్షనుందేమో చూస్తాను. రద్దుకి ఏ హెడ్డు కింద కట్టించుకుంటారో కనుక్కుని చెప్తాను, ఉండండి."