తాత్కాలిక లక్షాధికారులు

జనాన్నంతా లక్షాధికారులను చేస్తామని ఓట్లడిగిన నాయకులు ఏ దేశంలో లేరు గనక? చేసి చూపించిన ఘనత మాత్రం ఉక్రెయిన్‌దే. అయిదేళ్లు కూడా పట్టలేదు.

1992 జనవరి 10న అక్కడ కూపన్లు వచ్చాయి. సోవియట్ యూనియన్ కూలి నెల కూడా కాలేదు. రూబుళ్లు అచ్చేసే హక్కు మాస్కో చేతిలో ఉంది, కీవ్‌లో నోట్లకు కటకట. పక్క రిపబ్లిక్కుల వాళ్లు సంచీలతో వచ్చి కొట్లు ఊడ్చుకుపోతారన్న భయం ఒకటి. అందుకని రూబుల్‌కు తోడుగా, తాత్కాలికంగా, ఈ కాగితం. తాత్కాలికం కదా, చిన్న నోట్లకు వరుస నంబర్లు కూడా ఎందుకని వేయలేదు. దొంగనోట్ల వాళ్లకు ఇంతకన్నా మర్యాద ఏ ప్రభుత్వమూ చేసి ఉండదు.

నవంబరు వచ్చేసరికి రూబుల్‌ను సాగనంపి, కూపన్‌నే కార్బోవనెట్స్ పేరుతో దేశానికి ఏకైక డబ్బుగా కూర్చోబెట్టారు. ఆ పేరుకు వంశం ఉంది. 1917లో స్వతంత్రం ప్రకటించుకునే తొందరలో ఉన్న ఉక్రెయిన్ కోసం చిత్రకారుడు హియోర్హి నార్బుత్ గీసిన వంద కార్బోవనెట్సుల నోటు నాలుగు భాషల్లో ఉండేది. 1942లో నాజీ ఆక్రమణదారులు కూడా రివ్నెలో అదే పేరుతో నోట్లు దించారు. ఏ సారీ ఆయుష్షు గట్టిది కాదు. అయినా ఆ పేరే కావాలన్నారు.

ఇక అసలు విద్య మొదలైంది. ఎవరూ కొనని సరుకు తయారుచేసే ఫ్యాక్టరీకి అప్పు కావాలా? అచ్చెయ్. సమష్టి క్షేత్రాలకు విత్తనాల డబ్బా? అచ్చెయ్. 1993 జూన్‌లో దోన్‌బాస్ బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగారా? జీతాలు పెంచు, అచ్చెయ్. ఆ ఒక్క ఏడాదిలో ధరలు పది వేల శాతానికి పైగా పెరిగాయి. జనవరిలో వంద పెట్టి కొన్నది డిసెంబరుకు పది వేలు దాటింది. ధరలు పెరగడానికి వ్యాపారుల దురాశే కారణమని ప్రభుత్వాలు చెప్పే మాటను నేనూ నమ్ముతాను. కాకపోతే దేశంలో వ్యాపారులందరికీ ఒకేసారి వంద రెట్లు దురాశ పుట్టడం వెనక అచ్చు యంత్రం ప్రోత్సాహం ఏమైనా ఉందా అని చిన్న సందేహం.

తొలి కూపన్ల మీద కీవ్ నగరాన్ని స్థాపించిన అన్నదమ్ముల చెల్లెలు లిబిద్ బొమ్మ ఉండేది. 1995కి సున్నాలు పెరిగి పది లక్షల నోటు వచ్చింది. దాని మీద మహాకవి తరాస్ షెవ్‌చెంకో. జమీందారీ బానిసగా పుట్టిన ఆయన్ను 1838లో మిత్రులు 2,500 రూబుళ్లిచ్చి విడిపించారు. మనిషి స్వేచ్ఛ ఖరీదు అది. ఆయన బొమ్మ వేసిన పది లక్షలకు ఆఖర్న ఆరు డాలర్లు కూడా రాలేదు. కవులను గౌరవించే పద్ధతి ప్రభుత్వాలకే తెలియాలి.

ఇందులో మరీ ముచ్చటైన విషయం, కొత్త డబ్బు హ్రివ్నియా నోట్లు 1992 నాటికే కెనడాలో అచ్చయి సిద్ధంగా ఉన్నాయి. పెట్టెలో పట్టుచీరలా నాలుగేళ్లు మడత విప్పకుండా పడి ఉన్నాయి. ముహూర్తం 1996 సెప్టెంబరు 2న కుదిరింది. జాతీయ బ్యాంకు గవర్నర్ విక్తర్ యుష్చెంకో. లక్ష కార్బోవనెట్సులకు ఒక హ్రివ్నియా. రెండు వారాల్లో దేశంలోని లక్షాధికారులంతా మళ్లీ మామూలు మనుషులయ్యారు. ఆ మార్పిడి శుభ్రంగానే జరిగింది, ఎవరి నోటూ చెల్లదనలేదు. చెల్లకుండా పోవలసింది అప్పటికే పోయింది కదా.

సోవియట్ కాలంలో పొదుపు బ్యాంకులో రూబుల్ రూబుల్ దాచుకున్న వాళ్ల సంగతి వేరు. వాళ్ల కోసం 1996లోనే ఒక చట్టం చేశారు: రూబుల్‌కు 1.05 హ్రివ్నియా చొప్పున తిరిగిస్తారట. ఎప్పుడన్నది బడ్జెట్ దయ. 2008 జనవరిలో యూలియా తిమోషెంకో ప్రభుత్వం తలకు వెయ్యి హ్రివ్నియాల దాకా ఇస్తామంది. ఆ చలిలో పొదుపు బ్యాంకు ఒషాద్‌బ్యాంక్ శాఖల ముందు ముసలివాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని బారులు తీరారు.